వెనక్కి నడిచిన విమానం

నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక సందులో ముప్పై నాలుగేళ్ళు టర్బోలు రిపేరు చేశాను. మొదట లారీలవి, బస్సులవి, జనరేటర్లవి, తర్వాత తర్వాత కార్లవి. ఇప్పుడు షట్టరు దించేసి ఇంట్లో కూర్చున్నాను. డీజిల్ మెకానిక్ కోర్సు చదువుతున్నవాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మీ సర్వీసులో గొప్ప విజయం ఏదండీ?" అని అడుగుతుంటారు. విజయాల గురించి చెప్పడానికి ఏముంటుంది? బండి వచ్చింది, బాగైంది, వెళ్ళిపోయింది. అందుకని చేతులారా చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. అది విమానానికి సంబంధించినది. నవ్వొస్తే నవ్వుకోండి. నేనూ ఇప్పుడు నవ్వుతూనే రాస్తున్నాను. ఆ రోజు మాత్రం నవ్వలేదు.

షాపు మూసేయడానికి ఇంకో రెండేళ్ళు ఉందనగా ఒకావిడ వచ్చింది. అరవై దగ్గరపడిన మనిషి. నూలు చీర, కాళ్ళకి కాన్వాసు బూట్లు, చంకలో చుట్టచుట్టిన కాగితాలు. నేను బల్ల మీద టర్బో విప్పుకుని తల వంచుకుని పని చేస్తున్నాను.

"టర్బో ఉన్న ఇంజన్ ఒకటి బిగించాలండీ," అంది.

"ఏ బండికమ్మా?"

"విమానానికి."

"డీజిలా, పెట్రోలా?" అని అడిగేశాను. అలవాటు. అడిగాక చెయ్యి ఆగింది. తల ఎత్తి చూశాను. ఆవిడ ముఖంలో వేళాకోళం ఏమీ లేదు.

ఆవిడ ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరైంది. కాలేజీ రోజుల్లో క్యాడెట్ల దళంలో చేరి గ్లైడర్ నడిపిందట. తర్వాత పెళ్ళి, ఉద్యోగం, పిల్లల చదువులు. రిటైరయ్యాక మళ్ళీ శిక్షణకి వెళ్ళి, చిన్న విమానం నడిపే లైసెన్సు సంపాదించింది. అక్కడితో ఆగకుండా, సొంతంగా ఒక విమానమే కట్టుకుంటోంది. అబిడ్స్‌లో పెద్ద రోడ్డు వెనక, వాళ్ళ బంధువులది మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్ హాలు ఉంది. అందులో ఐదేళ్ళుగా ఇనుప గొట్టాలు అతికించి, బట్ట తొడిగి, రెండు సీట్ల విమానాన్ని ఒక రూపానికి తెచ్చింది. ఇంజన్ ఒక్కటే లేదు. విదేశాల్లో తయారయ్యే విమానం ఇంజన్ ఆవిడకి అందే సరుకు కాదు. దానికి బదులు చిన్న డీజిల్ కారు ఇంజన్ పెట్టాలని ఆవిడ ఆలోచన.

"పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది. మామూలు ఇంజన్‌కి ఊపిరాడదు. టర్బో ఉంటే సరిపోతుంది కదండీ?" అంది.

సరిపోతుంది. టర్బో అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెబుతాను. ఇంజన్ వదిలే పొగతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. ఆ చక్రం ఇంజన్‌లోకి మరింత గాలిని నెడుతుంది. భోంచేశాక వచ్చిన త్రేన్పుతో మళ్ళీ ఆకలి పుట్టించడంలాంటి పని. ఇన్నేళ్ళూ ఆ పనే చేశాను కాబట్టి నా ఛాతీ కాస్త ఉబ్బింది. "చేద్దాం మేడమ్," అన్నాను. ఆ సాయంత్రం ఇంట్లో చెబితే మా ఆవిడ, "బీపీ మాత్ర వేసుకున్నారా?" అని మాత్రం అడిగింది.

ఈ పనిలో నాకు తోడు మా పక్క షాపు ఉస్తాద్. లేత్ మెషిన్ మీద ఇనుముని వెన్నలా కోసే మనిషి. వాళ్ళది తాతల నాటి నుంచి ఈ ఊరే. నేను యాభై ఆరులో కోస్తా నుంచి వచ్చిన గుమస్తా కొడుకుని. నాకంటే రెండేళ్ళు పెద్దవాడైనా నన్ను అన్నా అనేవాడు, నేను ఆయన్ని ఉస్తాద్ అనేవాణ్ణి. విమానం అనగానే ఆయన అడిగింది ఒకటే ప్రశ్న.

"మనల్ని గూడ ఎక్కిస్తదా మేడమ్?"

ప్రమాదంలో వెనక భాగం నుజ్జయిన ఒక కారు నుంచి ఇంజన్ తీశాం. ముందు భాగానికి గీత కూడా పడలేదు. దాన్ని విప్పి, కడిగి, టర్బో కొత్తగా చేసి, ప్రెస్ హాల్లో విమానం ముక్కుకి బిగించాం. ఇంతవరకూ నాకు తెలిసిన పనే. చిక్కు ఆ తర్వాత వచ్చింది. కారు ఇంజన్ తిరిగే వేగానికి విమానం ముందుండే పంఖాని నేరుగా తగిలిస్తే అది ముక్కలైపోతుంది. మధ్యలో వేగం తగ్గించే ఏర్పాటు ఉండాలి. మేడమ్ డ్రాయింగులో దానికి బెల్టు ఉంది. బెల్టే వేశాం. మొదటిసారి ఇంజన్ గట్టిగా తిప్పగానే బెల్టు తెగి, గోడకున్న పాత క్యాలెండరుని కొట్టింది. రెండోసారి తెగి హాల్లో ఉన్న ఒకే ఒక్క ట్యూబులైటుని కొట్టింది.

"బెల్టు వద్దు. గేర్లు వేద్దాం," అన్నాను.

ఉస్తాద్ రెండు గేర్లు కోశాడు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. చూస్తే ముద్దొచ్చేంత నున్నగా ఉన్నాయి. బిగించిన రోజు ఆయన చాలాసేపు వాటి ముందు కూర్చుని చూపుడువేళ్ళు రెండూ గాల్లో తిప్పుకుంటూ ఉన్నాడు.

"అన్నా, గీ రెండు పళ్ళు కలిస్తె ఒకటి గిట్ల, ఒకటి గట్ల తిరుగుతది గదా? బెల్టు ఉన్నప్పుడు రెండు ఒక్క దిక్కే తిరిగినయి. ఇప్పుడు పంఖా ఉల్టా అయితదేమో, జర చూడు."

ఇక్కడ ఆగి చూసి ఉంటే ఈ జ్ఞాపకం మీకు రాసేవాణ్ణి కాదు. నేను డ్రాయింగు తెరిచాను. పంఖా ఎటు తిరగాలో చూపిస్తూ అందులో ఒక బాణం గుర్తు ఉంది. పైలట్ సీటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. బాణాన్ని చూశాను, గేరుని చూశాను. రెండూ ఒకే దిక్కు.

"నువ్వు ముందు నుంచి చూస్తున్నావు ఉస్తాద్. నేను సీటు వైపు నుంచి చూస్తున్నాను. అందుకే నీకు ఉల్టాగా కనిపిస్తోంది."

"గట్లనా?"

"ముప్పై ఏళ్ళ నుంచి ఇంజన్లు చూస్తున్నాను. నాకు తెలీదా?"

ఆయన ఇటు వచ్చి చూశాడు, అటు వెళ్ళి చూశాడు. "నువ్వు జెప్తె సరే," అని చాయ్‌కి పోయాడు. డ్రాయింగులో బాణం విమానానికి ఎదురుగా నిలబడి చూసి గీసినదని, కాగితం మూలన సన్నటి అక్షరాల్లో రాసి ఉంది. కళ్ళజోడు పెట్టుకుంటే కనిపించేది. జేబులోనే ఉంది కళ్ళజోడు.

మేడమ్‌ని కూడా పిలిచి చూపించాను. ఆవిడ సీట్లో కూర్చుని చూసి, "సరిగ్గానే ఉందండీ," అంది. ఆ మాటతో నా ధైర్యం ఇంకాస్త పెరిగింది.

పంఖా వేరే ఊళ్ళో చెక్కతో తయారై, రైల్లో వచ్చింది. నాంపల్లి స్టేషన్ పార్సిల్ ఆఫీసులో గుమస్తా దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి చూసి, "ఇంత పెద్ద ఫ్యాన్ ఏ గదికమ్మా?" అన్నాడు. "బయట తిప్పడానికి," అంది మేడమ్. ఆయన ఇంకేం అడగకుండా సంతకం పెట్టించుకున్నాడు. ఆ ఇరుకు హాల్లో పంఖా బిగించి తిప్పితే అందరి తలలూ పోతాయి. కాబట్టి అప్పటివరకు ఇంజన్‌ని పంఖా లేకుండానే నడిపాం. అది ఎటు నెడుతుందో చూసే అవకాశం ఒక్కసారి కూడా రాలేదు.

ఈలోగా హాలుకి గడువొచ్చింది. ఆ బిల్డింగు పడగొట్టి షాపులు కడతారట, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఊరి బయట ఒక చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో విమానానికి చోటు ఇస్తామన్నారు. కానీ ఇంజన్ పరీక్ష చూసి అధికారి సంతకం పెట్టాకే ఇస్తారు. సంతకం లేకపోతే ఆ ఐదేళ్ళ కష్టాన్ని ముక్కలుగా విప్పి పాత ఇనుము కింద వెయ్యడమే. మేడమ్ ఈ సంగతి మామూలుగానే చెప్పింది. చెబుతూ రెక్క మీది దుమ్ముని చీర కొంగుతో తుడిచింది. అంతకుముందు పాత గుడ్డ తెచ్చి తుడిచేది.

పరీక్షకి నాంపల్లి నుమాయిష్ మైదానంలో ఒక ఉదయం దొరికింది. ఎగ్జిబిషన్ లేని రోజులు కాబట్టి మైదానమంతా ఖాళీ. రెక్కలు హాల్లోనే ఉంచి, మిగతా విమానాన్ని ఉస్తాద్ ట్రాలీ ఆటో వెనక కట్టి, తెల్లారాక అబిడ్స్ నుంచి బయలుదేరాం. మెట్రో పిల్లర్ల దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపాడు.

"ఏంది గిది?"

"విమానం సార్," అన్నాను.

"రెక్కలేవి?"

"ఇంట్ల ఉన్నయి," అన్నాడు ఉస్తాద్.

కానిస్టేబుల్ చుట్టూ తిరిగి చూశాడు. నంబరు ప్లేటు లేదు. ఏ చలానా రాయాలో ఆయనకీ తోచినట్టు లేదు. "గాలిల పొయ్యేదాన్ని రోడ్డు మీదికెందుకు తెచ్చిన్రు?"

మేడమ్ ఆటోలోంచి తల బయట పెట్టి, "ఇంకా ఎగరడం రాదండీ, నేర్పడానికే తీసుకెళ్తున్నాం," అంది.

"అయితే లెఫ్ట్ సైడుకెల్లి పొండ్రి," అని సెల్ఫీ తీసుకుని వదిలేశాడు.

తనిఖీ అధికారి చెప్పిన టైముకే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత నలగని చొక్కాలో ఉన్నాడు. చేతిలో ఫైలు. నవ్వు ఆయన డ్యూటీలో భాగం కాదు. "భద్రత ఏర్పాట్లు చూపించండి," అన్నాడు.

చూపించాం. బ్రేకుల గొట్టాలు ఇంకా రాలేదు. అందుకని విమానం ముందుకు కదలకుండా రెండు చక్రాల ముందూ ఇటుకలు పేర్చాం. తోకకి నా చెయ్యంత లావు తాడు కట్టి, వెనకున్న ఇనుప స్తంభానికి బిగించాం. పంఖా ముందుంటుంది కాబట్టి ముందు ఎవరూ నిలబడకూడదు. అందుకని అధికారికి వెనక, స్తంభం పక్కన, కుర్చీ వేశాం. కుర్చీ పక్కన టేబులు. టేబులు మీద మేడమ్ ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీలు, స్టీలు గిన్నె నిండా సాంబారు. వెనక దుమ్ము లేస్తుందని అటువైపు నేలంతా నీళ్ళు కూడా చల్లాం. "గాలి బాగా వస్తుంది సార్, ఫైలు గట్టిగా పట్టుకోండి," అని నేనే చెప్పాను. ఆయన ఒక చేత్తో ఫైలు, ఇంకో చేత్తో ఇడ్లీ ప్లేటు పట్టుకుని కూర్చున్నాడు. నేనూ ఉస్తాదూ ఆయన పక్కన నిలబడ్డాం.

మేడమ్ సీట్లో కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేసింది. మొదటి దెబ్బకే అందుకుంది. టర్బో సన్నగా ఈల వేయడం మొదలుపెట్టింది. ఆ ఈల వింటే నా ప్రాణం లేచొచ్చింది. మేడమ్ మెల్లగా వేగం పెంచింది. పంఖా కంటికి కనిపించకుండా తిరుగుతోంది.

గాలి మాత్రం రాలేదు.

మా ఎవరి జుట్టూ కదల్లేదు. అదే సమయంలో విమానం ముందు, నీళ్ళు చల్లని చోట, ఎర్రటి దుమ్ము లేచి గేటు వైపు పరుగెత్తింది. ఇదేమిటా అని నేను ఆలోచిస్తూ ఉండగా ఉస్తాద్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, వస్తుంది."

"గాలా?"

"విమానం."

నిజమే, విమానం మా వైపు వస్తోంది. తాపీగా, సాయంత్రం షికారుకి బయలుదేరిన పెద్దమనిషిలా, తోక ముందు పెట్టుకుని వస్తోంది. పేర్చిన ఇటుకలు పేర్చినట్టే అక్కడ ఉండిపోయాయి. లావు తాడు వదులై నేల మీద పాములా పడింది. పక్కకి తప్పుకోవడానికి అందరికీ కావలసినంత టైముంది. కానీ ఎవరం కదల్లేదు. విమానం వెనక్కి వస్తుందంటే నమ్మడానికే కాసేపు పట్టింది.

మేడమ్ ముందుకు చూస్తూ కూర్చుంది కదా, ఆవిడకి వెనక ఏం జరుగుతోందో తెలీదు. "ఎవరో వెనక్కి లాగుతున్నారు! తాడు వదలండి!" అని అరిచి, ఆ లాగుడుని ఎదుర్కోవడానికి వేగం ఇంకా పెంచింది. విమానం ఇంకాస్త చురుగ్గా వచ్చింది.

నేను మెడ మీద చెయ్యి అడ్డంగా పెట్టి కోస్తున్నట్టు సైగ చేశాను. ఆవిడ వెనక్కి తిరిగి చూస్తేగా. ఉస్తాద్ మాత్రం విమానం పక్క నుంచి సీటు దగ్గరికి పరుగెత్తి, "బంద్ చెయ్యిర్రి మేడమ్! బంద్! మనం రివర్సుల ఉన్నం!" అని అరిచాడు.

ఇంజన్ ఆగేసరికి తోక టేబుల్ని తాకింది. అధికారి అప్పటికి లేచి, ప్లేటు చేతిలోనే ఉంచుకుని, పక్కకి మూడడుగులు వేశాడు. ప్లేటు దక్కింది. ఫైలు కుర్చీలోనే ఉండిపోయింది. టేబులు మెల్లగా వాలింది. సాంబారు గిన్నె జారి జారి, ఫైలు మీద పూర్తిగా ఒలికిపోయింది. ములక్కాడ ముక్క ఒకటి ఫైలు మీది నుంచి కింద పడిన చప్పుడు కూడా వినిపించింది.

అధికారి ఇడ్లీ ప్లేటు స్తంభం పక్కన జాగ్రత్తగా పెట్టాడు. విమానం ముక్కు దగ్గరికి నడిచి, వంగి లోపలికి చూశాడు.

"డ్రాయింగులో బెల్టు ఉంది. ఇక్కడ గేర్లు ఉన్నాయి. మార్చింది ఎవరు?"

నేను నోరు తెరిచే లోపలే ఉస్తాద్ ముందుకొచ్చాడు.

"నేను సార్. గేర్లు కోసింది నేనే. చదువు లేనోణ్ణి, తెల్వక చేసిన."

ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. ఊరుకుంటే నా ముప్పై ఏళ్ళ పేరు అలాగే నిలబడుతుందని ఒక క్షణం నా బుర్రకి తోచిన మాట నిజం. ఆ ఒక్క క్షణం ఉన్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గే. మీరు పనిలోకి వెళ్ళాక మీకూ అలాంటి క్షణం వస్తుంది. దాన్ని ఎక్కువసేపు సాగనివ్వకండి.

"కాదు సార్," అన్నాను. "మార్చమన్నది నేను. ఉల్టా తిరుగుతుందని ఈయన ముందే చెప్పాడు. నేనే వినలేదు. సీటు వైపు నుంచి చూసి సరిగ్గా ఉందనుకున్నాను."

మేడమ్ విమానం దిగి వచ్చింది. తిట్టినా పడదామని తల దించుకున్నాను.

"నేనూ సీటు నుంచే చూశాను సార్," అందావిడ అధికారితో. "పిల్లలకి ముప్పై ఏళ్ళు ఇదే పాఠం చెప్పాను. ఎటు నుంచి చూస్తున్నామో ముందు చెప్పాలని, చెప్పకపోతే మార్కులు తీసేసేదాన్ని." అంటూనే ఆవిడకి నవ్వు ముంచుకొచ్చింది. ఆపుకోబోయింది, చేతకాక నేల మీద కూర్చుని నవ్వింది. ఉస్తాద్ నవ్వాడు. నేను అధికారి వంక చూస్తూ నిలబడ్డాను.

ఆయన ఫైలు రెండు వేళ్ళతో ఎత్తాడు. సాంబారు దులిపి, తడవని ఒక కాగితం వెతికి, తన కారు బానెట్ మీద పెట్టి చాలాసేపు రాశాడు. రాసి నా చేతికిచ్చాడు. ఈసారి కళ్ళజోడు పెట్టుకునే చదివాను. ఇంజన్ శక్తి సరిపోయింది, దిశ సరిదిద్దవలెను, నెలాఖరులోగా మళ్ళీ పరీక్ష, అని ఉంది. అడుగున ఇంకో వాక్యం: బ్రేకులు బిగించి, ఇటుకలు రెండు వైపులా పెట్టవలెను.

"ఈసారి నేను పక్కన నిలబడతాను," అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, స్తంభం దగ్గర పెట్టిన ప్లేటులోని ఇడ్లీ తీసుకుని, "సాంబారు మిగిలిందా?" అని అడిగాడు. మిగల్లేదు.

ఉస్తాద్ నాలుగు రోజుల్లో మూడో గేరు కోశాడు. రెండింటి మధ్యా అది కూర్చుంటే పంఖా మళ్ళీ అసలు దిక్కుకి తిరుగుతుంది. బిగించేటప్పుడు నేను ముందుకు వెళ్ళి చూశాను, వెనక్కి వెళ్ళి చూశాను, కింద పడుకుని కూడా చూశాను. ఆయన ఒక మూల కూర్చుని, "జర సీటు దిక్కుకెల్లి గూడ చూడన్నా," అని ఏడిపిస్తూనే ఉన్నాడు. పడ్డాను. పడాల్సిందే. రెండో పరీక్షలో విమానం బుద్ధిగా ముందుకు లాగింది, గాలి మా ముఖాన కొట్టింది, అధికారి సంతకం పెట్టాడు. హాలు ఖాళీ చెయ్యడానికి ఇంకా రెండు రోజులుంది.

ఊరి బయట స్ట్రిప్‌లో రెక్కలు తగిలించాక, మిగతా పరీక్షలన్నీ అయ్యాయి. మేడమ్ ఒంటరిగా ఎగరాల్సిన గంటలన్నీ ఎగిరింది. ఆ తర్వాత ఒక ఆదివారం ఉదయం మమ్మల్నిద్దర్నీ పిలిచింది. పక్క సీటు తలుపు తెరిచి, "రండి, ముందు మీరు," అంది నాతో.

అప్పుడు తెలిసింది నాకు విమానం అంటే ఎంత భయమో. అంతవరకూ ఎక్కింది లేదు. షుగరు మాత్ర వేసుకోలేదన్నాను. మా ఆవిడకి చెప్పి రాలేదన్నాను. ఆయిలు ఇంకోసారి చూడాలన్నాను. ఉస్తాద్ అంతా విని, నెమ్మదిగా అన్నాడు.

"నీ ఇంజన్ మీద నీకే నమ్మకం లేకుంటె, నన్నెట్ల ఎక్కిస్తవన్నా?"

ఎక్కాను. సీటు బెల్టు మేడమే బిగించింది. నేల ఎప్పుడు వదిలామో తెలీదు, ఎందుకంటే కళ్ళు అప్పటికే మూసుకున్నాను. ఒక అరచెయ్యి ముందున్న రేకు మీద ఆనించి అదురు చూస్తూ, చెవులు రెండూ టర్బోకి అప్పగించి కూర్చున్నాను. మేడమ్ ఏవేవో చూపిస్తూనే ఉంది. అదిగో చెరువు, అదిగో రైలు, అదిగో మన ఊరు అంటోంది. నేను అన్నిటికీ "ఆఁ, ఆఁ" అన్నాను. పైకి వెళ్ళేటప్పుడు ఈల ఒక్క రవ్వ సన్నబడి మళ్ళీ నిండుగా పలికింది. గాలి పలచబడిన చోట టర్బో తన పని తాను అందుకుంది. అది విన్నాక రేకు మీది అరచెయ్యి తీసేశాను. కళ్ళు మాత్రం తెరవలేదు.

చక్రాలు నేలని తాకి, ఇంజన్ ఆగాక తెరిచాను. ఉస్తాద్ పరుగున వచ్చి తలుపు లాగాడు.

"ఎట్లుందన్నా? మన ఊరు పైకెల్లి ఎట్ల కనవడ్డది?"

"ఊరు చూళ్ళేదు ఉస్తాద్. ఇంజన్ మాత్రం బాగుంది."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, జబ్బ పట్టుకుని బయటికి లాగాడు.

"అయితే దిగు. ఊరు నేను చూసొస్త."